పిత్తాశయ రాళ్ల ఆపరేషన్ తరువాత రిపోర్టులో ‘గ్రాన్యులోమా’ అని వచ్చింది: దీన్ని టీబీ అనుకోవాలా?

ఎదురుచూపు

అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లున్నాయని ఆరేళ్ల క్రితమే తెలిసినా, నొప్పి ఎప్పుడో ఒకసారి వచ్చి దానంతట అదే పోతూండడంతో ఆపరేషన్‌ను వాయిదా వేస్తూ వచ్చాం. గత నెల కుడి పక్కటెముకల కింద నొప్పితో పాటు జ్వరం కూడా వచ్చి తగ్గకపోవడంతో ఆపరేషన్ చేయించాం. లాపరోస్కోపీతో మొదలుపెట్టారు గానీ, లోపల పిత్తాశయం పేగులకూ కాలేయానికీ గట్టిగా అతుక్కుపోయి ఉందని మధ్యలో పొట్ట తెరిచి పూర్తి చేశారు.

తీసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపగా వచ్చిన రిపోర్టులో చివరి వాక్యం ఇలా ఉంది: “రాళ్లతో కూడిన దీర్ఘకాలిక కోలిసిస్టైటిస్ (పిత్తాశయ వాపు), గోడలో గ్రాన్యులోమాటస్ ఇన్‌ఫ్లమేషన్ కనిపిస్తోంది, క్షయను తోసిపుచ్చలేము.” ఒక డాక్టరుగారు వెంటనే ఆరు నెలల టీబీ మందులు మొదలుపెడదామన్నారు. మరొకరు రిపోర్టు చూసి, ఇది రాళ్ల వల్ల వచ్చిందే అయి ఉంటుంది, మందులు అక్కరలేదన్నారు. అమ్మకు దగ్గు లేదు, బరువు తగ్గలేదు, ఇంట్లో ఎవరికీ టీబీ రాలేదు. ఇద్దరు డాక్టర్ల మాటల మధ్య మేము నలిగిపోతున్నాం. అసలు ఆ మాటకు అర్థం ఏమిటో, ఏది అడిగి తెలుసుకోవాలో చెప్పగలరా?

సూక్ష్మవీక్షకుడు (పెథాలజిస్టు)

మీ ఆందోళన అర్థమవుతోందండి. ముందుగా ఒక మాట స్పష్టంగా చెబుతాను. గ్రాన్యులోమా అనేది ఒక రోగం పేరు కాదు. శరీరం తాను కరిగించుకోలేని, బయటికి నెట్టలేని పదార్థం ఏదైనా కణజాలంలో చిక్కుకున్నప్పుడు, మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలు దాని చుట్టూ గుంపుగా చేరి కట్టే కోట లాంటిది అది. ఆ కోట లోపల ఉన్న శత్రువు క్షయ బ్యాక్టీరియా కావచ్చు, ఫంగస్ కావచ్చు, పురుగు గుడ్డు కావచ్చు, కుట్టు దారం కావచ్చు, సొంత పిత్తరసమే కావచ్చు. కాబట్టి ‘గ్రాన్యులోమా ఉంది’ అన్న వాక్యంతో రిపోర్టు ముగిసిందంటే, ప్రశ్న అడిగి జవాబు చెప్పకుండా ఆగినట్టే.

రాళ్లున్న పిత్తాశయంలో ఆ జవాబు ఎక్కువసార్లు పిత్తరసమే అవుతుంది. అది జరిగే తీరు ఇది. రాయి పిత్తాశయం మెడ దగ్గరో, పిత్తాశయం నుంచి రసం బయటికి వెళ్లే సిస్టిక్ నాళంలోనో అడ్డుపడితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. పిత్తాశయం లోపలి పొర అక్కడక్కడ కండర పొరను చీల్చుకుని చిన్న సంచుల్లా బయటికి చొచ్చుకుపోయి ఉంటుంది. వీటిని రోకిటాన్‌స్కీ–అషాఫ్ సైనస్‌లు అంటాము. పెరిగిన ఒత్తిడికి ఆ సంచులు పగిలినా, రాయి రాపిడికి లోపలి పొర పుండుపడినా, పిత్తరసం నేరుగా గోడలోకి కారిపోతుంది. కొలెస్టరాల్, ఫాస్ఫోలిపిడ్‌లు నిండిన ఆ రసాన్ని మింగడానికి మాక్రోఫేజ్‌లు పరుగెత్తుతాయి, కొవ్వు మింగి మింగి నురుగు నింపినట్టు ఉబ్బుతాయి. వాటితో పాటు బహుకేంద్రక మహాకణాలు, లింఫోసైట్‌లు, ప్లాస్మా కణాలు చేరతాయి. నెలలు గడిచేకొద్దీ పీచు కణజాలం పెరిగి గోడ మందమై, పక్కనున్న కాలేయానికీ పేగుకూ అతుక్కుపోతుంది. కోసి చూస్తే గోడలో పసుపు, గోధుమ రంగు ముద్దలు కంటికే కనిపిస్తాయి. దీన్నే జాంథోగ్రాన్యులోమాటస్ కోలిసిస్టైటిస్ అంటారు. 1970లో క్రిస్టెన్‌సెన్, ఇషాక్ దీన్ని వేరే పేరుతో వర్ణించగా, ఇప్పుడు వాడుతున్న పేరు 1976లో స్థిరపడింది. మీ అమ్మగారి ఆపరేషన్‌లో అన్నీ అతుక్కుపోయి ఉన్నాయన్న వివరం ఈ రోగానికి బాగా సరిపోతుంది, అయితే అది ఒక్కటే నిర్ధారణకు చాలదు.

రిపోర్టులో చివరి వాక్యం కాక, పైన ఉండే ‘మైక్రోస్కోపీ’ పేరాను ఇక్కడ రాయగలరా? నేను వెతికేవి ఇవి: మహాకణాలు ఏ రకానివి, నురుగు కణాలు ఉన్నాయా, కేసియేషన్ (క్షయలో కనిపించే ఒక రకం కణజాల మరణం) అన్న మాట ఉందా, క్షయ బ్యాక్టీరియాను చూపే జీల్–నీల్సన్ రంగు వేశారా, గోడ నుంచి ఎన్ని ముక్కలు తీసి చూశారు.

ఎదురుచూపు

ధన్యవాదాలండి. ఆ పేరాలో ఇలా ఉంది: “గోడ మందంగా ఉంది. నురుగు లాంటి హిస్టియోసైట్‌ల (మాక్రోఫేజ్‌ల) గుంపులు, కొలెస్టరాల్ చీలికలు, కొన్ని మహాకణాలు, అక్కడక్కడ నెక్రోసిస్, న్యూట్రోఫిల్స్ ఉన్నాయి.” రెండు ముక్కలు చూసినట్టు రాశారు. జీల్–నీల్సన్ గురించి ఏమీ లేదు. నెక్రోసిస్ అంటే కణజాలం చచ్చిపోవడమని చదివాను. టీబీలో కూడా అదే జరుగుతుందట కదా, అందుకే భయం ఎక్కువైంది.

సూక్ష్మవీక్షకుడు

అది సరైన ప్రశ్నే, చాలామంది తడబడేది కూడా అక్కడే. నెక్రోసిస్ అన్నీ ఒకటి కావు. క్షయలో కనిపించే కేసియేషన్‌లో కణాల ఆనవాళ్లు చెరిగిపోయి, గులాబీ రంగు పొడి చల్లినట్టు ఉన్న మధ్యభాగం చుట్టూ పొడవాటి ఎపిథెలియాయిడ్ కణాలు వరుస కడతాయి. వాటి మధ్య లాంగ్‌హాన్స్ మహాకణాలు, అంటే కేంద్రకాలు గుర్రపు నాడా ఆకారంలో అంచున చేరినవి, ఉంటాయి. పిత్తరసం కారిన గోడలో జరిగేది వేరు. అక్కడ చీము కణాలైన న్యూట్రోఫిల్స్‌తో నిండిన చిన్న గడ్డలు ఏర్పడి, వాటి మధ్యలో కణజాలం కరిగిపోతుంది. మహాకణాల్లో కేంద్రకాలు ఒక క్రమం లేకుండా చెదిరి ఉంటాయి. కొలెస్టరాల్ చీలికలనే మాట ఇంకా మంచి ఆధారం. ముక్కను స్లైడుగా మార్చేటప్పుడు వాడే ఆల్కహాలు, జైలీన్‌లలో కొలెస్టరాల్ స్ఫటికాలు కరిగిపోయి, వాటి స్థానంలో సూదుల్లాంటి ఖాళీలు మిగులుతాయి. మైక్రోస్కోపు కింద మేము చూసేది ఆ ఖాళీలనే.

మీరు రాసిన వర్ణన క్షయ కంటే జాంథోగ్రాన్యులోమా వైపే బలంగా చూపుతోంది. అలాగని స్లైడు చూడకుండా నేను తీర్పు చెప్పను. పారాఫిన్ బ్లాకులూ (మైనంలో భద్రపరిచిన ముక్కలూ) స్లైడులూ ఆసుపత్రి ప్రయోగశాలలోనే ఉంటాయి, అడిగి తీసుకుని మరో పెథాలజిస్టుకు చూపించే హక్కు మీకుంది. కణజాలం కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో మిగిలిన పిత్తాశయం ఇంకా ఉందేమో కూడా ఇవాళే అడగండి. కొంతకాలం తరువాత దాన్ని పారేస్తారు. మందమైన గోడకు రెండు ముక్కలు చాలవు, మరిన్ని తీయించాలి. దానికి కారణం క్షయ ఒక్కటే కాదు, ఆ విషయం రేడియాలజీ మిత్రులు చెబితే బాగుంటుంది.

నీడలచదువరి (రేడియాలజిస్టు)

చెబుతాను. ఈ రోగం మాకు అన్నిటికంటే ఎక్కువ చిక్కు పెట్టేది క్యాన్సర్ విషయంలో. ఉపవాసంతో ఉన్న మనిషిలో అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయం గోడ 3 మిల్లీమీటర్లకు మించకూడదు. జాంథోగ్రాన్యులోమాలో అది ఎన్నో రెట్లు మందమై, ఒక్కోసారి గడ్డలా కనిపించి, కాలేయం సరిహద్దును మసకబరిచి, చుట్టుపక్కల లింఫ్ గ్రంథులను కూడా ఉబ్బిస్తుంది. ఈ లక్షణాలన్నీ పిత్తాశయ క్యాన్సర్‌వి కూడా. రెండింటిలోనూ రాళ్లుంటాయి. సీఏ 19–9 అనే రక్తపరీక్ష రెండింటిలోనూ పెరగవచ్చు, కనుక అది ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో క్యాన్సర్ అని ఎవరికీ చెప్పకూడదు.

సీటీ స్కాన్‌లో మేము పట్టుకునే ఆధారాలు కొన్ని ఉన్నాయి. గోడ మొత్తం చుట్టూ మందమై ఉండడం, గోడ లోపల తక్కువ సాంద్రత గల ముద్దలు నల్లగా కనిపించడం, లోపలి పొర గీత ఎక్కడా తెగకుండా కొనసాగడం, కాలేయంలోకి స్పష్టమైన చొరబాటు లేకపోవడం, కాలేయం లోపలి పిత్తనాళాలు ఉబ్బకపోవడం. వీటిలో మూడో నాలుగో కలిసి ఉంటే జాంథోగ్రాన్యులోమా అని కొంత ధైర్యంగా రాస్తాము. లోపలి గీత తెగిందంటే ఆ ధైర్యం పోతుంది, ఎందుకంటే క్యాన్సర్ మొదలయ్యేది ఆ పొరలోనే. అయితే పుండుపడిన జాంథోగ్రాన్యులోమాలో కూడా గీత తెగుతుంది. రెండు రోగాలు ఒకే పిత్తాశయంలో పక్కపక్కనే ఉన్న సందర్భాలూ ఉన్నాయి. అందుకే పెథాలజిస్టు గారు ఎక్కువ ముక్కలు చూడాలన్నారు. పసుపు ముద్దల నుంచి మాత్రమే ముక్క తీసి, మూలన ఉన్న చిన్న క్యాన్సర్‌ను వదిలేసే ప్రమాదం నిజంగా ఉంది.

క్షయ విషయంలో మా స్కాన్ పెద్దగా సాయం చేయదు. పిత్తాశయ క్షయకు మాత్రమే ప్రత్యేకమైన రూపం స్కాన్‌లో లేదు. పక్కనున్న లింఫ్ గ్రంథులు మధ్యలో నల్లగా, అంచున మెరుస్తూ కనిపిస్తేనో, పొట్టలో నీరు చేరితేనో, ఛాతీలో మచ్చలు ఉంటేనో అనుమానించాలి. అమ్మగారి ఛాతీ ఎక్స్‌రే, ఆపరేషన్‌కు ముందు తీసిన స్కాన్ ఉంటే వాటిని మరొకసారి ఈ కోణంలో చదివించండి.

పీజీరెండోఏడు

ఒక సందేహం. కొవ్వు కణజాలం మరెన్నో అవయవాల్లో ఉండగా, ఈ వాపు ఇంత తేలికగా గోడంతా పాకిపోవడం పిత్తాశయంలోనే ఎందుకు జరుగుతుంది? ఇలాంటి జాంథోగ్రాన్యులోమాను నేను ఇంతవరకు కిడ్నీలోనే చదివాను.

సూక్ష్మవీక్షకుడు

కిడ్నీతో పోలిక సరైనదే. అక్కడ కూడా రాయి, అడ్డంకి, ఇన్ఫెక్షన్ కలిసే పని చేస్తాయి. పిత్తాశయంలో అదనంగా రెండు కారణాలున్నాయి. మొదటిది, అది నిల్వ చేసే రసంలోనే కొలెస్టరాల్ ఉంది. అంటే మాక్రోఫేజ్ మింగాల్సిన కొవ్వు పగిలిన సంచి నుంచి నేరుగా వస్తుంది. రెండోది నిర్మాణం. పేగులో ఉండే మస్కులారిస్ మ్యూకోసా, సబ్‌మ్యూకోసా అనే పొరలు పిత్తాశయంలో లేవు. లోపలి పొర దాటితే వెంటనే కండరం, కండరం దాటితే వదులైన కణజాలం, కాలేయం వైపు సెరోసా అనే బయటి పొర కూడా ఉండదు. కారిన రసాన్ని ఆపే గట్టు ఎక్కడా లేదు. క్యాన్సర్ ఇక్కడ త్వరగా బయటికి పాకడానికి కూడా ఈ నిర్మాణం ఒక కారణం.

ఇంకొక మాట, పరీక్ష కోసం కాదు, పని కోసం గుర్తుంచుకోండి. నురుగు కణాలని మీరు అనుకున్నవి కొన్నిసార్లు నురుగు రూపంలో ఉన్న క్యాన్సర్ కణాలు కావచ్చు. సందేహం వస్తే సీడీ68, కెరాటిన్ రంగులు వేయండి. మాక్రోఫేజ్ సీడీ68కు రంగు పట్టి కెరాటిన్‌కు పట్టదు, క్యాన్సర్ కణం కెరాటిన్‌కు పడుతుంది.

కోలుకున్నవాడు

నాది రెండో వైపు కథ, అందుకే రాస్తున్నాను. నాకు కూడా రాళ్లకే ఆపరేషన్ చేశారు. తీసిన పిత్తాశయంలో గ్రాన్యులోమాలు కనిపించాయని, మధ్యలో కేసియేషన్ ఉందని రిపోర్టు వచ్చింది. నాకు దగ్గు లేదు కానీ, వెనక్కి తిరిగి చూసుకుంటే సాయంత్రపు జ్వరం, తగ్గిన ఆకలి, వదులైన బట్టలు అన్నీ ఉన్నాయి, వాటిని రాళ్ల నొప్పి ఖాతాలో వేసుకున్నాను. పిత్తాశయం పక్కనున్న లింఫ్ గ్రంథిని కూడా సర్జన్ తీసి పంపడం నాకు మేలు చేసింది. అందులోనూ అదే మార్పు కనిపించింది, ఆ ముక్క నుంచి చేసిన పరీక్షలో క్షయ బ్యాక్టీరియా తేలింది. మందులు పూర్తిగా వాడాను. మొదటి వారంలోనే మూత్రం నారింజ రంగులోకి మారితే భయపడ్డాను. అది రిఫాంపిసిన్ వల్ల వచ్చే మామూలు మార్పేనని ముందుగా ఎవరూ చెప్పలేదు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

అమ్మగారికి టీబీ అని నేను అనడం లేదు. దగ్గు లేదు కాబట్టి టీబీ కాదని మాత్రం అనుకోకండి. నా విషయంలో ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి.

జీవాణుపరిశీలకురాలు (మైక్రోబయాలజిస్టు)

పై సభ్యుని అనుభవం అరుదైనదే అయినా నిజమైనది. పిత్తాశయ క్షయను తొలిసారి వర్ణించింది 1870లో. అంటే రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో క్షయ బ్యాక్టీరియాను ప్రకటించడానికి పన్నెండేళ్ల ముందే. అప్పటి నుంచి ఇప్పటివరకు నమోదైన కేసులు చాలా తక్కువ. పిత్తరసంలోని ఆమ్లాలు ఈ బ్యాక్టీరియాను పెరగనివ్వవని, ఆరోగ్యంగా ఉన్న పిత్తాశయం దీనికి లొంగదని భావిస్తారు. రాయి నాళాన్ని మూసి, లోపలి పొరను గాయపరిచినప్పుడు ఆ రక్షణ సడలుతుంది. అందుకే పిత్తాశయ క్షయ కేసుల్లో చాలావాటిలో రాళ్లు కూడా ఉంటాయి. రాళ్లుండడం క్షయకు వ్యతిరేక సాక్ష్యం అవుతుందనుకోవడం పొరపాటు.

ఇక పరీక్షల గురించి. జీల్–నీల్సన్ రంగులో బ్యాక్టీరియా కనిపించకపోతే క్షయ లేనట్టు కాదు. కఫంలోనే ఒక మిల్లీలీటరులో ఐదు వేల నుంచి పది వేల బ్యాక్టీరియా ఉంటే గానీ మైక్రోస్కోపులో దొరకవు, కణజాలంలో వాటి సంఖ్య ఇంకా తక్కువ. కల్చర్, అంటే బ్యాక్టీరియాను పెంచి చూడడం, చాలా సున్నితమైన పరీక్ష, పదుల సంఖ్యలో ఉన్నా పట్టుకుంటుంది. ద్రవ మాధ్యమంలో కూడా ‘లేదు’ అని చెప్పడానికి 42 రోజులు ఆగాలి. అయితే కల్చర్‌కు బతికి ఉన్న బ్యాక్టీరియా కావాలి. ఫార్మలిన్‌లో వేసిన ముక్కలో ఏదీ బతికి ఉండదు. బ్లాకు నుంచి పీసీఆర్ (బ్యాక్టీరియా డీఎన్ఏను వెతికే పరీక్ష) చేయించవచ్చు, కానీ ఫార్మలిన్ డీఎన్ఏను ముక్కలు చేస్తుంది గనుక అందులో ‘ఉంది’ అని వస్తే విలువ ఎక్కువ, ‘లేదు’ అని వస్తే విలువ తక్కువ.

కాబట్టి ఆపరేషన్ బల్ల దగ్గరే నిర్ణయం జరిగిపోతుంది. గోడ అనుమానాస్పదంగా కనిపిస్తే ఒక చిన్న ముక్కను ఫార్మలిన్‌లో కాక శుభ్రమైన సెలైన్‌లో వేసి పంపండి. ఆ రెండో సీసా కోసం ఎవరైనా అడిగితే నాకు పండగే.

కత్తిపట్టినచేయి (సర్జన్)

ఆ రెండో సీసా గురించి నేను ఒక విషయం ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఇలాంటి గట్టి పిత్తాశయాన్నే తీసి, అలవాటుగా మొత్తం ఫార్మలిన్‌లో వేయించాను. రిపోర్టులో కేసియేషన్ ఉన్న గ్రాన్యులోమా వచ్చింది. కల్చర్‌కు ఏమీ మిగలలేదు, బ్లాకు పీసీఆర్‌లో ఏమీ తేలలేదు. మందులు మొదలుపెట్టామే గానీ, ఆ బ్యాక్టీరియా ఏ మందులకు లొంగుతుందో, ఏ మందులకు లొంగదో తెలుసుకునే దారి మూసుకుపోయింది. ఆ రోగికి మొదటి మందులే పని చేశాయి. అయినా ఆ ఆరు నెలలు ప్రతి సమీక్షకూ నేను బరువైన మనసుతోనే వెళ్లాను. అప్పటి నుంచి గోడ మందంగా కనిపించిన ప్రతిసారీ సెలైన్ సీసా బల్ల మీద ఉంటుంది, సిస్టిక్ లింఫ్ గ్రంథిని కూడా తీసి విడిగా పంపుతాను.

ఇక అమ్మగారి విషయంలో ఇద్దరు డాక్టర్ల మధ్య తేడా గురించి. నిజమైన కేసియేషన్, ఎపిథెలియాయిడ్ గ్రాన్యులోమాలు ఉండి, రోగికి జ్వరం, బరువు తగ్గడం వంటివి కూడా ఉంటే, జీల్–నీల్సన్‌లో ఏమీ దొరకకపోయినా నేను మందులు మొదలుపెడతాను, 42 రోజులు ఆగను. కానీ ‘గ్రాన్యులోమా’ అన్న ఒక్క మాట చూసి మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోను. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవి. కాలేయానికి అతుక్కున్న పిత్తాశయాన్ని తీసి నెల తిరగని మనిషికి వాటిని ఇచ్చాక కామెర్లు వస్తే, అది మందుల వల్లనా, పిత్తనాళానికి ఆపరేషన్‌లో దెబ్బ తగలడం వల్లనా, నాళంలో మిగిలిన రాయి వల్లనా అని తేల్చుకోవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు. ఎథాంబ్యుటాల్ వల్ల చూపుకూ ముప్పు ఉండవచ్చు. ఇవి కావలసినప్పుడు ప్రాణం నిలిపే మందులు. ‘ఎందుకైనా మంచిది’ అని వాడే మందులు మాత్రం కావు.

లాపరోస్కోపీ మధ్యలో పొట్ట తెరవడాన్ని కొందరు సర్జన్ వైఫల్యంగా అనుకుంటారు. జాంథోగ్రాన్యులోమాలో పిత్తాశయానికీ ప్రధాన పిత్తనాళానికీ మధ్య హద్దు కనిపించదు. రాయి మెడలో ఇరుక్కుని పక్క నాళాన్ని నొక్కే మిరిజ్జి సిండ్రోమ్ కూడా దీనితో కలిసి రావచ్చు. 1882 జూలై 15న లాంగెన్‌బుక్ అనే సర్జన్ బెర్లిన్‌లోనే మొదటిసారి పిత్తాశయాన్ని తీశాడు, కాక్ ప్రకటన వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఈ ఆపరేషన్‌లో మారని నియమం ఒకటుంది: ఏది నాళమో తెలియనప్పుడు కత్తెర వేయకూడదు. పొట్ట తెరిచి పూర్తి చేసిన మీ సర్జన్ అమ్మగారికి మేలే చేశారు.

పీజీరెండోఏడు

సర్, మరొక ప్రశ్న. మామూలుగా కనిపించే పిత్తాశయాలను పరీక్షకు పంపనక్కరలేదని, కంటితో చూసి అనుమానం ఉంటేనే పంపాలని కొందరంటున్నారు. మీ అభిప్రాయం ఏమిటి?

కత్తిపట్టినచేయి

కొన్ని దేశాల్లో ఎంపిక చేసి పంపే పద్ధతి ఉందని తెలుసు, వాళ్ల వాదనలో కొంత న్యాయం కూడా ఉంది, ఎందుకంటే గోడ పూర్తిగా మామూలుగా ఉన్న పిత్తాశయంలో పెద్ద రోగం దొరకడం అరుదు. అయినా నేను అన్నీ పంపుతాను. లోపలి పొరకే పరిమితమైన తొలిదశ క్యాన్సర్‌కు పిత్తాశయం తీయడమే చాలు, కండర పొరను చేరితే మళ్లీ ఆపరేషన్ చేసి కాలేయపు అంచును, లింఫ్ గ్రంథులను తీయాల్సి రావచ్చు. ఆ తేడా నా కంటికి కనిపించదు. కనీసం ప్రతి పిత్తాశయాన్నీ ఆపరేషన్ గదిలోనే కోసి, తెరిచి, కడిగి, లోపలి పొరను వేలితో తడిమి చూడడం నేర్చుకోండి.

సూక్ష్మవీక్షకుడు

దీనికి కొద్దిగా జోడిస్తాను. గ్రాన్యులోమా కనిపించిన ప్రతి పిత్తాశయంలో పిత్తరసం, క్షయ అనే రెండే దారులు లేవు. ఏలికపాము లేక కాలేయపు పురుగు గుడ్ల చుట్టూ గ్రాన్యులోమాలు ఏర్పడతాయి, వాటి పక్కన ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా ఉంటాయి, లోతుగా కోస్తే గుడ్డు పెంకు దొరుకుతుంది. సార్కాయిడోసిస్ (పలు అవయవాల్లో గ్రాన్యులోమాలు కట్టే రోగం) పిత్తాశయానికి రావడం చాలా అరుదు, వస్తే గ్రాన్యులోమాలు నెక్రోసిస్ లేకుండా గట్టి ముద్దల్లా ఉంటాయి, అప్పుడు ఛాతీ లింఫ్ గ్రంథులు చూడాలి. పొట్టలో అంతకు ముందు ఆపరేషన్ జరిగి ఉంటే ధ్రువీకృత కాంతి కింద స్లైడు చూడడం మరవకండి, కుట్టు దారం మెరుస్తుంది.

ఎదురుచూపు

మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. మీరందరూ చెప్పినట్టు బ్లాకులు, స్లైడులు అడిగి తీసుకున్నాం. అదృష్టవశాత్తు ఫార్మలిన్‌లో మిగిలిన పిత్తాశయం ఇంకా పారేయలేదు. రెండో పెథాలజిస్టుగారు గోడ నుంచి మరో పదకొండు ముక్కలు, మెడ దగ్గరున్న చిన్న లింఫ్ గ్రంథి తీసి చూశారు. రిపోర్టులో ఇలా ఉంది: నురుగు కణాలు సీడీ68కు రంగు పట్టాయి, కెరాటిన్‌కు పట్టలేదు. పగిలిన రోకిటాన్‌స్కీ–అషాఫ్ సైనస్‌ల పక్కనే పిత్తవర్ణకం కనిపించింది. కేసియేషన్ లేదు, జీల్–నీల్సన్‌లో బ్యాక్టీరియా లేదు, లింఫ్ గ్రంథిలో గ్రాన్యులోమా లేదు. ఏ ముక్కలోనూ డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కు ముందు వచ్చే కణాల మార్పు) గానీ క్యాన్సర్ గానీ లేవు. జాంథోగ్రాన్యులోమాటస్ కోలిసిస్టైటిస్ అని తేల్చారు. ఛాతీ ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉంది.

టీబీ మందులు మొదలుపెట్టలేదు. అమ్మ తేలిగ్గా నడుస్తోంది, జ్వరం లేదు. ఇక మేము గమనించుకోవలసింది ఏమైనా ఉందా?

కత్తిపట్టినచేయి

చాలా సంతోషమండి. పిత్తాశయం పూర్తిగా తీసేశారు కాబట్టి ఈ రోగానికి వేరే మందు అక్కరలేదు. గోడలో కొంత భాగం కాలేయానికి అతుక్కుని మిగిలిపోయిందా అన్నది ఆపరేషన్ నోట్సులో చూడండి. కష్టమైన కేసుల్లో మేము ఉద్దేశపూర్వకంగానే కొంత వదిలేస్తాము, అలా వదిలితే ఆ విషయం మీ దగ్గర రాసి ఉండాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, చలితో జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా చూపించండి, నాళంలో రాయి మిగిలిందేమో చూడాల్సి వస్తుంది. ఆపరేషన్‌లో రాళ్లు జారి పొట్టలో పడ్డాయా అని కూడా అడగండి. అలా పడిన రాయి చుట్టూ ఏళ్ల తరువాత గ్రాన్యులోమా ఏర్పడి, స్కాన్‌లో గడ్డలా కనిపించి, క్యాన్సర్ వ్యాపించిందేమోనన్న భయం పెట్టిన సందర్భాలున్నాయి.

ఎదురుచూపు

నోట్సు ఇప్పుడే చూశాను. పూర్తిగా తీసినట్టు ఉంది. రెండు చిన్న రాళ్లు జారాయని, ఏరి తీశామని కూడా రాశారు. ఆ పేజీకి ఫోటో తీసి, రెండో రిపోర్టుతో పాటు అమ్మ ఫైల్లో పెట్టాను.